మోట మొదలు మోటారు వరకు: బావి బలము నెరిగి యంత్రమును గొనవలెను

నీరు పల్లమెరుగునని సామెత. పల్లమునకు పారు నీటికి రైతు చేయవలసినది కాలువ త్రవ్వి త్రోవ చూపుట మాత్రమే. మెరక పొలమునకు నీరెక్కవలెనన్నచో దానిని ఎవరో యొకరు మోయవలెను. ఆ మోత మోయునది మనుష్యుడు కావచ్చును, ఎద్దు కావచ్చును, నూనె ఇంజను కావచ్చును, విద్యుత్తు కావచ్చును. మోతకూలి మాత్రము తప్పదు. ఈ కూలి యెంత, దానిని చెల్లించుటకు బావిలో నీరెంత గలదు అను రెండు ప్రశ్నలను విచారింపక యంత్రమును గొన్న రైతు నష్టపడుచున్నాడు. అతనికి అప్పిచ్చిన సంఘమును నష్టపడుచున్నది. కావున ఈ నెల మేము ఈ విషయమును లెక్కలతో సభ్యుల యెదుట నుంచుచున్నాము.

చెరువుల సీమలో బావులు

మన వరంగల్లు సీమ చెరువులకు పేరుగన్నది. కాకతి గణపతిదేవుని కాలమున నిర్మింపబడిన పాకాల చెరువు, రామప్ప చెరువు నేటికిని పంటలు పండించుచున్నవి. లక్నవరము, ఘనపురము చెరువులును కాకతీయుల నాటివే. ఆ చెరువులలో నీటిని పైకెత్తు పని లేదు. తూము తీసిన చాలును, నీరు తన బరువుతో తానే ఆయకట్టునకు పారును. కాని తూమునకు ఎగువనున్న చెలకలకును, చెరువు ఎండిన పిమ్మట వేసవి పంటలకును బావియే దిక్కు. ఈ ప్రాంతపు నేల అడుగున నున్నది గట్టి రాయి. పైనున్న మెత్తని మొరపపొరలోను, దాని క్రింద రాతి పగుళ్లలోను ఉన్నంతయే మన భూగర్భజలము. ఇసుక నేలలలో వలె లోతునకు పోయినకొలది నీరు దొరకునన్న నమ్మకము ఇచ్చట లేదు. ఈ యొక్క సంగతిని మరువకున్న తక్కినదంతయు సులభముగ బోధపడును.

మన పెద్దల సాధనములు

కాలువలోనో కుంటలోనో నున్న నీటిని మూడు నాలుగడుగుల ఎత్తునకు చేర్చుటకు గూడ వేసెడివారు. ఇద్దరు మనుష్యులు ఇరుప్రక్కల నిలిచి, త్రాళ్లు కట్టిన గూడను ఊపి నీటిని మడిలోనికి చిమ్మెడివారు. అంతకు మించిన లోతునకు ఏతము. నిలువు స్తంభముపై అడ్డముగ నుంచిన పొడవైన మాను ఒక కొనకు వ్రేలాడు బాన, మాను మీద ముందు వెనుకలకు నడచు మనుష్యుని బరువు: ఇంతియే దాని యంత్రము. ఇంకను లోతైన బావులకు మోట. ఆంధ్ర ప్రాంతమున కొన్ని చోట్ల దీనినే కపిల యందురు.

మోట నిర్మాణము తెలివైనది. తోలు సంచికి క్రింద తొండము. సంచికొక మోకు, తొండమునకొక సన్నత్రాడు. ఎద్దులు ఏటవాలు బాటపై దిగునప్పుడు వాని బరువును లాగుటకు తోడ్పడును. సంచి పైకి వచ్చులోపల తొండము మడిగియుండును. గట్టునకు రాగానే తొండము దానంతట తానే తొట్టిలోనికి వంగి నీరు విడుచును. తోలుసంచికి బదులు రేకుబొక్కెనను కట్టుట తరువాతి కాలపు మార్పు. మోట తోలువాడు తెల్లవారకమునుపే ఎద్దులను గట్టి పాట పాడుచు ప్రొద్దెక్కువరకు నీరు తోడెడివాడు.

ఈ సాధనములన్నిటికి ఒక సమానగుణము గలదు. అవి బావి ఊటను మించి తోడజాలవు. నీరు తగ్గినకొలది మోకు పొడవు పెరుగును, ఎద్దులు అలయును, మోట నిలుచును. ఆ విరామమున బావి మరల ఊరును. అనగా ఎద్దుల అలసటయే బావికి రక్షణగ నుండినది. ఆ కష్టము మరల రావలెనని మేము కోరుట లేదు. మోట తోలిన చేతుల కాయలు చూచినవారెవ్వరును అట్లు కోరరు. కాని ఆ రక్షణ పోయినప్పుడు దాని స్థానమున నేమి యుంచితిమని అడుగుట న్యాయము.

ఇంజను, మోటారు

20వ శతాబ్ది ఆరంభమున మద్రాసు రాజధానిలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అను ఇంజనీరు నూనె ఇంజనుతో పంపును నడిపి బావి నీటిని పొలములకు తోడు ప్రయోగములు చేయించెను. తెలంగాణ పల్లెలలో ఇంజనులు క్రమముగ వ్యాపించినవి. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడిన పిమ్మట విద్యుత్ మోటారులు మోటలను తొలగించినవి.

బావిగట్టున నుంచు పంపు నీటిని పీల్చునని మన మందుము గాని, నిజమున నీటిని పైకి నెట్టునది గాలి బరువు. గొట్టములోని గాలిని పంపు తీసివేయగా బయటి గాలి నీటిని లోనికి త్రోయును. ఈ గాలి బరువు నీటిని 34 అడుగులకు మించి ఎత్తజాలదు. వాడుకలో 20, 22 అడుగులకు మించి ఆశింపరాదు. అందుచేతనే నీరు తగ్గినకొలది రైతులు పంపును బావిలోనికి దింపి అరుగులపై నిలిపిరి. నీటిలోనే మునిగియుండి క్రిందినుండి పైకి నెట్టు సబ్‌మెర్సిబుల్ మోటారు వచ్చినతోడనే ఈ హద్దును తొలగినది. బోరు యంత్రము రాతిని తొలిచి వందలాది అడుగులు దిగినది. 2004లో ప్రభుత్వము వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తును ప్రకటించెను. 2018 జనవరి 1 నుండి తెలంగాణమున ఇరువదినాలుగు గంటల సరఫరా నారంభించెను. రైతునకు ఇవి మేలు చేసినవనుట నిస్సందేహము. అయినను లోతునకు హద్దు లేదు, కాలమునకు హద్దు లేదు, ఖర్చు కంటికి కనబడదు. మిగిలిన హద్దు ఒక్కటే: బావిలోని నీరు.

లెక్క చూడుడు

ఒక అశ్వశక్తి యనగా సెకనుకు 75 కిలోల బరువును ఒక మీటరు ఎత్తు శక్తి. లీటరు నీటి బరువు ఒక కిలో. కావున 5 అశ్వశక్తుల మోటారు సెకనుకు 375 లీటర్లను ఒక మీటరు ఎత్తవలెను. పంపులోను, గొట్టములోను, వంపులలోను పోవు నష్టము నెంచి సగము మాత్రమే పనికి వచ్చుననుకొందము. నీరు 100 అడుగుల లోతున నున్నచో గంటకు సుమారు 22,000 లీటర్లు వచ్చును. అదే మోటారు 300 అడుగుల నుండి తోడవలసివచ్చినచో సుమారు 7,400 లీటర్లే వచ్చును.

ఇప్పుడు మోటను చూతము. కారిపోగా మిగిలిన నీరు సంచికి 150 లీటర్లనియు, నిమిషమునకొక సంచి వచ్చుననియు అనుకొన్నచో, 30 అడుగుల బావినుండి గంటకు 9,000 లీటర్లు. అనగా నేడు 300 అడుగుల బోరునుండి 5 అశ్వశక్తుల మోటారు తోడునది ఆనాడు ఒక జత ఎద్దులు తోడిన దానికంటె తక్కువ! యంత్రము బలహీనమైనది కాదు. దాని బలమంతయు లోతు మ్రింగినది.

ఎకరమునకు రెండంగుళముల తడి పెట్టవలెనన్నచో సుమారు 2,05,000 లీటర్లు కావలెను. పై లెక్కను బట్టి 100 అడుగుల లోతునుండి తొమ్మిదిన్నర గంటలలోపల పూర్తియగు తడి 300 అడుగుల నుండి ఇరువదియెనిమిది గంటలు పట్టును. నీటిమట్టము తగ్గుట వలన కలుగు నష్టమును ఇంతకంటె స్పష్టముగ చెప్పు మాట లేదు.

ఇదే న్యాయము ప్రభుత్వపు పెద్ద ఎత్తిపోతలకును వర్తించును. గోదావరి నీటిని మెట్టుమెట్టుగ ఎత్తి మన మెరక ప్రాంతములకు తెచ్చు జె. చొక్కారావు దేవాదుల పథకము నెరుగని వారు మనలో లేరు. ఘనమీటరు నీటిని 400 మీటర్లు ఎత్తుటకు నష్టములు లేకున్నను ఒక యూనిట్టునకు పైగా విద్యుత్తు కావలెను. అంత ఎత్తెక్కి చెరువులో చేరిన నీటిని తెగిన గట్టునుండియో, మూయని తూమునుండియో వ్యర్థముగ పోనిచ్చుట ఎంత తప్పో సభ్యులే యోచింతురు గాక.

బావిని కొలుచు విధము

మోటారు కొనుటకు ముందు బావి ఊటను కొలువవలెను. ఇందుకు ఇంజనీరు అక్కరలేదు. ఒక త్రాడు, ఒక గడియారము చాలును. పరీక్షను వేసవిలో చేయవలెను. వానకాలపు బావి అందరిని మోసగించును. ఉదయమున పంపు నడుపకమునుపు నీటిమట్టమును కొలిచి గురుతు పెట్టుడు. కొంతసేపు తోడి నిలుపుడు. పిమ్మట గంటలో నీరెంత పైకి వచ్చెనో చూడుడు. ఇరువదడుగుల వ్యాసము గల గుండ్రని బావిలో ఒక్క అడుగు నీరు సుమారు 8,900 లీటర్లు. గంటకడుగు ఊరిన, బావి ఊట గంటకు అంతే. గంటకు 22,000 లీటర్లు తోడు పంపును దానిలో దింపినచో, పదడుగుల నిలువనీరు ఏడు గంటలు నిండకమునుపే ఇంకిపోవును. తరువాత పంపు గాలిని పీల్చి చెడును. అట్టి బావికి చిన్న మోటారే తగును. పెద్దది కొన్న నీరు హెచ్చదు, అప్పు హెచ్చును.

బోరు విషయమున 200 లీటర్ల డ్రమ్మును గొట్టము క్రింద నుంచి నిండుటకు పట్టు సెకనులు లెక్కింపుడు. నూరు సెకనులలో నిండిన గంటకు 7,200 లీటర్లు. మోటారు వేసిన వెంటనే కాక, రెండు మూడు గంటలు నడచిన పిమ్మట కొలిచిన లెక్కయే నిజము. ప్రతి నెల ఈ అంకెను పుస్తకములో వ్రాసియుంచినచో బోరు ఎండబోవు సంగతి ముందే తెలియును.

కరెంటు వచ్చినతోడనే మోటారును నడుపు ఆటోస్టార్టర్లను తొలగించుట మంచిది. రైతు నిద్రించుచుండగా మడి నిండి పొర్లుచున్నను మోటారునకు తెలియదు. పంపునకు తగిన వెడల్పు గొట్టమును వేసి, అక్కరలేని వంపులను తగ్గించి, కెపాసిటర్ అమర్చుకొన్న మోటారు కాలిపోవుట తగ్గును. సూర్యశక్తి పంపులకు 2019 నుండి కుసుమ్ పథకమున సాయమున్నది. పగలు మాత్రమే నడచుట వానిలోని సుగుణము. ఖర్చు లేదని దినమంతయు తోడుట వలని అపాయము వానికిని గలదు.

సంఘములు చేయదగినది

1997–98లో మన జిల్లాలో ప్రత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతటను కలతపెట్టినవి. పురుగు, పనిచేయని మందులు, పడిపోయిన పంట మాత్రమే కాదు, నీరు పడని బావులకును బోర్లకును అధికవడ్డీకి తెచ్చిన అప్పులును ఆ దుఃఖమున పాలు గలవి. మొదటి బోరు ఎండిన రెండవది, రెండవది ఎండిన మూడవది. ప్రతి బోరును పోయిన సొమ్మును రాబట్టుకొను ఆశతోనే వేయుదురు. పొరుగువాని బోరు మనదానికంటె లోతైన, మన నీరు అతనిలోనికి పోవును. మనము ఇంకను లోతునకు పోయిన అతనిది ఎండును. ఇద్దరును ఓడు పందెమిది. 2002 నాటి వాల్టా చట్టము క్రొత్త బావులకు అనుమతి నేర్పరచినది గాని, రాత్రికి రాత్రి బోరు వేయు ఊరిలో చట్టమొక్కటి చాలదు.

అందరిది ఒకే నీరైనప్పుడు ఒక్కొక్కరు వేరుగా యోచించిన లాభము లేదు. ఇది సహకారమునకు తగిన పని. 2003 తరువాత నల్లగొండ, మహబూబ్‌నగర్, అనంతపురము మొదలగు ఏడు కరవు జిల్లాలలో రైతులే వానను, బావుల మట్టమును కొలిచి, యాసంగికి ముందు ఊరి నీటి లెక్కను వేసికొని, ఆ లెక్కను బట్టి పంటలను నిర్ణయించుకొనిరి. ఎవరును నిర్బంధింపలేదు. ఎదుట నున్న అంకెలే వారికి బుద్ధి చెప్పినవి. మనకు ఇరుగుననే ముల్కనూరు సహకార సంఘము 1956లో ఆరంభమై, అప్పు, ఎరువు, విత్తనము, పంట అమ్మకము ఒక్కచోటనే సమకూర్చుచు నిలిచియున్నది. కలసి లెక్క చూచుకొను శక్తి మన రైతులకు కలదనుటకు అంతకంటె సాక్ష్యమేల?

కావున మా సూచనలు ఇవి. మోటారునకుగాని బోరునకుగాని అప్పు కోరు సభ్యుడు వేసవి ఊట లెక్కను దరఖాస్తుతో జతపరుపవలెను. దగ్గరదగ్గర బావులు గల నలుగురు సభ్యులు కొత్త బోరునకు మారుగ ఉన్న బోర్లను గొట్టముతో కలిపి వంతులవారీగ వాడుకొనుటకు అప్పు కోరినచో సంఘము దానికి ముందు స్థానము నీయవలెను. ఊట తక్కువైన బావి క్రింద యాసంగిలో వరికి బదులు, అందులో సగము నీటితో పండు మొక్కజొన్ననో, అంతకంటె తక్కువ కోరు పప్పుధాన్యములనో వేయుట మేలు. చెరువు పూడిక తీయు పనిలో బావుల రైతులును చేయి కలుపవలెను. చెరువు నిండిన దాని క్రింది బావులు ఊరునన్న సంగతి వారికి మేము చెప్పనక్కరలేదు.

మోట నాటి ఎద్దులు అలసినప్పుడు నిలిచెడివి. మోటారునకు అలసట లేదు. నిలుపవలసిన సమయమును దానికి రైతే చెప్పవలెను. అందుకు త్రాడును గడియారమును చేతబట్టి రేపటి ఉదయముననే తన బావియొద్దకు పోవుమని ప్రతి సభ్యుని కోరుచున్నాము. అంకెలను వ్రాసి సంఘమునకు తెచ్చిన, తగిన మోటారును నిర్ణయించుటలో సాయపడుట సంఘము విధి.