ఓటు పెట్టె వెనుక ఖర్చు

గ్రామమున పంచాయతీ ఎన్నిక జరుగునాడు బడి మూతపడును. పంతులుగారికి మాత్రము సెలవు లేదు. ముందునాడే బ్యాలెట్ పెట్టెలు, ఓటర్ల జాబితాలు, చెరగని సిరా సరిచూచుకొని, వేరొక ఊరికి పోయి, తెల్లవారకమునుపే పోలింగునకు సిద్ధపడవలెను. ఈ శ్రమకును, ఈ సామగ్రికిని ధనమెవరిచ్చుచున్నారు?

లోక్‌సభ ఎన్నికల వ్యయమును కేంద్రము, శాసనసభ ఎన్నికల వ్యయమును రాష్ట్రము భరించును. రెండును ఒక్కమారు జరిగినచో ఉమ్మడి ఖర్చును చెరిసగము పంచుకొందురు. పంచాయతీ ఎన్నికల భారము రాష్ట్ర ఖజానాదే. బ్యాలెట్ పత్రముల ముద్రణము, వాహనముల అద్దె, సిబ్బందికి శిక్షణము, భత్యము, భోజనము - అన్నియు అందుండియే రావలెను.

1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము ఈ ఎన్నికల నిర్వహణమును రాష్ట్ర ఎన్నికల సంఘమున కప్పగించినది. కాని ఊరూర పోలింగు నడుపుటకు చాలినంత సొంత సిబ్బంది ఆ సంఘమునకు లేదు. అది కోరినపుడు గవర్నరు సిబ్బందిని సమకూర్చవలెనని 243-కె అధికరణము చెప్పుచున్నది. అనగా అధికారము సంఘమునది. మనుష్యులు, ధనము ప్రభుత్వమునవి. ఇరువురికిని పొత్తు కుదిరినంతకాలము చిక్కులేదు. కుదరనిచో ఏమగునో ఆంధ్రప్రదేశ్ చూచినది. 2020లో నిధులకొరకు సంఘము హైకోర్టు నాశ్రయించెను. కరోనా కాలమున ఎన్నికలు వలదని ప్రభుత్వమును, ఉద్యోగ సంఘములును వాదించినవి. 2021 జనవరి 25న సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చగా, ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా ఎన్నికలు జరిగినవి.

ఉపాధ్యాయుల మాట వేరు. 2009 నాటి విద్యాహక్కు చట్టము వారిని బోధనేతర పనులకు వినియోగింపరాదనుచునే జనగణనమును, విపత్తు సహాయమును, ఎన్నికలను మినహాయించినది. అంతకుముందే, 2007లో, సెలవు దినములందును, బోధన లేని దినములందును మాత్రమే వారికి ఎన్నికల పని అప్పగింపవలెనని సుప్రీంకోర్టు నిర్దేశించినది. ఈ రెంటిని కలిపి చదివినచో, పిలుపు వచ్చినపుడు పోవుట ఉపాధ్యాయుని విధి. పాఠము చెడకుండ పిలుచుట అధికారుల విధి.

భత్యము ఖజానా పద్దులో చేరును. బడిలో జరుగక పోయిన పాఠము ఏ పద్దునను చేరదు. సర్పంచి నెన్నుకొను హక్కు కొరకు ఊరి పిల్లలు చెల్లించు వంతు అది. ఎన్నికల తేదీలు నిర్ణయించువారు దానిని గూడ లెక్కకు తీసికొనుట న్యాయము.