దత్తతకు ముందు స్వభావ పరీక్ష

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి పట్టణాల్లో వీధికుక్కలను పట్టి, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టినచోటే వదలాలన్నది 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల సారం. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు రేబిస్ సోకినవాటినీ, దూకుడుగా ప్రవర్తించేవాటినీ ఈ విడుదల నుంచి మినహాయించి, జంతుప్రేమికులు వీధికుక్కలను దత్తత కోరవచ్చనీ, తీసుకున్నవి మళ్లీ వీధికి చేరకుండా చూడాలనీ చెప్పడంతో, ఏ కుక్క నిజంగా దూకుడుది, ఏది కేవలం బెదిరినది అన్న ప్రశ్నకు చట్టపరమైన బరువు వచ్చింది.

ఆశ్రయ కేంద్రాల్లో ఇందుకు వాడే స్వభావ పరీక్షలో కుక్క శరీరాన్ని తాకి, తింటున్న గిన్నె దగ్గరకు కృత్రిమ చేతిని పోనిచ్చి, కొత్త మనిషినీ మరో కుక్కనూ ఎదురుగా నిలిపి, అది బిగుసుకుంటుందా, గుర్రుమంటుందా, దగ్గరకు వస్తుందా అని నమోదు చేస్తారు. దీన్నే తీర్పుగా భావించడం మాత్రం తొందరపాటు. ఇటువంటి పరీక్షతో కుక్కను ప్రమాదకరమని తేల్చడం బొమ్మా బొరుసూ వేయడం కన్నా మెరుగేమీ కాదని 2016లో అమెరికా పరిశోధకులు గ్యారీ పాట్రొనెక్, జానిస్ బ్రాడ్లీ వాదించారు. బోనులోని ఒత్తిడిలో గిన్నెను కాపాడుకున్న కుక్కలన్నీ ఇంట్లోనూ అలాగే ఉండవు. అందువల్ల నడకలో, ఆటలో రోజుల తరబడి గమనించిన విషయాలకూ, శాశ్వత దత్తతకు ముందు కొన్నాళ్లు ఒక ఇంట ఉంచి చూసే తాత్కాలిక పెంపకానికీ ఎక్కువ విలువ ఇవ్వాలి.