కంపెనీ ఐ.పి. పెడితే పెన్షను ఏమవుతుంది?

మన పల్లెలలో వృద్ధాప్యమునకు ఆసరా అంటే కన్నబిడ్డలు, కాస్త భూమి. ఫ్యాక్టరీలో పనిచేసే కుటుంబములకు మూడవ ఆసరా ఒకటి ఉన్నది. అదే పెన్షను. అది ఎవరూ వేసే భిక్షము కాదు. ఈనాడు చేతికి రావలసిన జీతములో కొంత వదులుకొని, ఒంట్లో శక్తి ఉడిగిన తరువాత తీసుకొందామని చేసుకొన్న ఒప్పందము. మరి మాట ఇచ్చిన కంపెనీయే కూలిపోతే ఆ మాట గతి ఏమిటి? అమెరికా దేశపు కార్ల కంపెనీల చరిత్రలో ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఆ సంగతులు ఈ నెల మన కుటుంబముల ముందు ఉంచుతున్నాము.

సౌత్ బెండ్‌లో జరిగినది

ఇండియానా రాష్ట్రములో సౌత్ బెండ్ అనే పట్టణము ఉన్నది. 1852లో స్టూడిబేకర్ సోదరులు అక్కడ గుర్రపు బండ్లు చేయడము మొదలుపెట్టారు. తరువాత అదే పేరుతో కార్లు తయారయ్యాయి. తాత, తండ్రి, కొడుకు ఒకే ఫ్యాక్టరీలో పనిచేసిన కుటుంబములు ఆ ఊరిలో ఎన్నో. 1950లో అక్కడి కార్మికుల యూనియన్ కంపెనీతో పెన్షను ఒప్పందము చేసుకొన్నది.

అయితే అందులో ఒక లోపము ఉన్నది. అంతకు ముందు చేసిన సర్వీసుకు కూడా పెన్షను ఇస్తామని కంపెనీ మాట ఇచ్చింది గాని, అందుకు కావలసిన సొమ్మును ఒక్కసారిగా నిధిలో వేయలేదు. 30 ఏళ్లలో కొంచెము కొంచెముగా వేస్తామన్నది. మాట పెద్దది, పెట్టె చిన్నది.

1963 డిసెంబరులో సౌత్ బెండ్ ఫ్యాక్టరీ మూసివేస్తున్నట్లు కంపెనీ ప్రకటించింది. మరుసటి ఏడు పెన్షను నిధిని పంచినప్పుడు కార్మికులు మూడు వరుసలయ్యారు. అప్పటికే రిటైరైనవారు, 60 ఏళ్లు నిండి రిటైరవడానికి అర్హత ఉన్నవారు, సుమారు 3,600 మందికి పూర్తి పెన్షను దక్కింది. 40 నుండి 59 ఏళ్ల మధ్య వయస్సుగల సుమారు 4,000 మందికి రావలసినదానిలో నూటికి 15 వంతులు మాత్రమే, అదీ ఒక్కసారి చేతిలో పెట్టి పంపారు. వీరి సగటు వయస్సు 52, సగటు సర్వీసు 23 ఏళ్లు. మిగిలిన సుమారు 2,900 మందికి ఏమీ లేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ మధ్య వరుసలోనివారు కష్టపడని వారు కారు. 59 ఏళ్ల మనిషికీ 60 ఏళ్ల మనిషికీ తేడా ఒక్క సంవత్సరము. ఆ ఒక్క సంవత్సరమే ఒక ఇంటిని నిలబెట్టి, పక్క ఇంటిని పడగొట్టింది.

కన్నీటినుండి పుట్టిన చట్టము

యూనియన్ నాయకులు, న్యూయార్క్ సెనేటరు జేకబ్ జావిట్స్ వంటివారు ఈ సంగతిని దేశము ముందు పెట్టారు. అయినా చట్టము రావడానికి పదేళ్లు పట్టింది. 1974 సెప్టెంబరు 2న, ఆ దేశపు కార్మిక దినమున, అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ దానిపై సంతకము చేశారు. పెన్షను నిధిని కంపెనీ ఆస్తినుండి వేరుగా ఉంచాలనీ, కొన్నేళ్లు పనిచేసినవాని హక్కు పోకూడదనీ ఆ చట్టము శాసించింది. దానితో పాటు పెన్షనులకు ఒక ప్రభుత్వ బీమా సంస్థ ఏర్పడింది. కంపెనీలు ప్రీమియము కడతాయి. ఏ నిధియైనా కూలితే ఆ సంస్థ దానిని చేతిలోకి తీసుకొని పెన్షను ఇస్తుంది. అయితే దానికి ఒక గరిష్ఠ పరిమితి ఉన్నది. వైద్య ఖర్చులు ఆ బీమాలోకి రావు.

కోర్టులో ఒప్పందము నిలుస్తుందా?

మన ఊళ్లలో ఎవరైనా అప్పులు తీర్చలేకపోతే “ఐ.పి. పెట్టాడు” అంటారు. అమెరికాలో కంపెనీలు పెట్టే ఐ.పి.లో రెండు రకములున్నవి. ఒకటి ఉన్నదంతా అమ్మి పంచడము. రెండవది, అప్పులవారిని కొంతకాలము ఆపి, ఖర్చులు తగ్గించుకొని మళ్లీ లేవడము. దీనిని చాప్టర్ 11 అంటారు. ఈ రెండవ దారిలోనే యూనియన్ ఒప్పందమునకు పరీక్ష వస్తుంది.

1984లో వచ్చిన సవరణ ప్రకారము కంపెనీ తనంతట తాను ఒప్పందమును చింపివేయకూడదు. ముందు యూనియన్‌కు లెక్కలు చూపాలి, కూర్చొని నిజాయితీగా మాట్లాడాలి. తగిన కారణము లేకుండా యూనియన్ కాదన్నదని న్యాయాధిపతికి తోస్తేనే, ఇరుపక్షముల మేలు తూచి, రద్దుకు అనుమతి ఇస్తారు. రిటైరైనవారి వైద్య సహాయము విషయములో ఇటువంటి రక్షణే 1988లో వచ్చింది. అయినా మెడమీద కత్తి ఉండగా జరిగే బేరము ఎట్లుంటుందో మీరే ఊహించండి.

ఒకే ఫ్యాక్టరీ, రెండు న్యాయములు

జనరల్ మోటార్స్ 1999లో తన విడిభాగముల శాఖను డెల్ఫై అనే వేరు కంపెనీగా చేసింది. డెల్ఫై 2005 అక్టోబరులో ఐ.పి. పెట్టింది. 2009లో దాని పెన్షను నిధులు ప్రభుత్వ బీమా సంస్థకు చేరాయి. యూనియన్ కార్మికులకు బీమా పరిమితి వలన తగ్గిన భాగమును జనరల్ మోటార్స్ భర్తీ చేసింది. ఎందుకంటే 1999లో విడిపోయే నాడే యూనియన్ ఆ మాటను కాగితముపై వ్రాయించుకొన్నది. అదే ఫ్యాక్టరీలో నెల జీతముపై పనిచేసిన సూపర్‌వైజర్లకు, ఇంజినీర్లకు అట్టి కాగితము లేదు. వారిలో కొందరి పెన్షను సగమునకు పైగా పడిపోయింది. వారు పన్నెండేళ్లు కోర్టులలో పోరాడారు. 2022 జనవరిలో సుప్రీంకోర్టు వారి మొర వినడానికి నిరాకరించింది.

2009లోనే క్రైస్లర్ ఏప్రిల్ 30న, జనరల్ మోటార్స్ జూన్ 1న కోర్టుకు వెళ్లాయి. ప్రభుత్వ సొమ్ముతో రెండూ కొద్ది వారములలో బయటపడ్డాయి. కార్మికుల పెన్షను నిలిచింది. వైద్య సహాయము మాత్రము ఒక ప్రత్యేక ట్రస్టుకు మారింది. కంపెనీలు దానికి ఇవ్వవలసిన సొమ్ములో పెద్ద భాగమును నగదుగా గాక వాటాలుగా ఇచ్చాయి. కొత్త జనరల్ మోటార్స్‌లో నూటికి పదిహేడున్నర వంతులు, క్రైస్లర్‌లో 55 వంతులు ట్రస్టు పేర వ్రాశారు. అంటే ముసలివారి మందులు కార్ల అమ్మకముపై ఆధారపడ్డాయి. పంటి వైద్యము, కళ్లజోళ్ల సహాయము ఆగాయి. ధరలతో పాటు పెరిగే భత్యము ఆగింది.

వయస్సులో చిన్నవారికి మరొక నష్టము. 2007 ఒప్పందముతోనే కొత్తగా చేరేవారికి పాతవారి జీతములో సుమారు సగమే ఇచ్చే పద్ధతి వచ్చింది. వారికి పాత రకపు పెన్షను లేదు. 2023లో సుమారు ఆరు వారముల సమ్మె తరువాత ధరల భత్యము తిరిగి వచ్చింది, జీతములలోని అంతరము చాలావరకు పోయింది. పెన్షను మాత్రము వారికి రాలేదు.

మన ఇంటికి పనికివచ్చే మాట

మన పిల్లలు కూడా ఇప్పుడు పొలము విడిచి ఫ్యాక్టరీలకు వెళుతున్నారు. వారిని ఈ మూడు ప్రశ్నలు అడగండి. నీ పేర కోసిన పి.ఎఫ్. సొమ్ము నిజముగా జమ అవుతున్నదా, పాస్‌బుక్ చూశావా? నామినీ పేరు వ్రాశావా? కంపెనీ పెద్దలు చెప్పిన మాట కాగితముపై ఉన్నదా?

స్టూడిబేకర్ కార్మికులు బద్ధకస్థులు కారు, అవివేకులు కారు. మాట నమ్మారు. ఆ మాట వెనుక చాలినంత సొమ్ము లేదు. వారి నష్టము వలన తరువాతివారికి చట్టము దొరికింది. ఆ చట్టము ఉన్నా, కాగితము ఉన్నవారికీ లేనివారికీ ఎంత తేడా వచ్చిందో డెల్ఫైలో చూశాము. బిడ్డ ఉద్యోగములో చేరిన మొదటి నెలలోనే, ముసలితనము ఇంకా దూరముగా ఉండగానే, ఇంటిల్లిపాది కూర్చొని ఈ సంగతులు మాట్లాడుకోవడము మంచిది.