రాకెట్టు కథ

దీపావళి నాడు మీరందరూ తారాజువ్వను వెలిగించే ఉంటారు. వత్తి అంటుకోగానే లోపలి మందు కాలి, వేడి వాయువులు కిందికి చిమ్ముతాయి. ఆ విసురుకు జువ్వ పైకి దూసుకుపోతుంది. ఎంత పెద్ద రాకెట్టయినా పనిచేసేది ఈ సూత్రం మీదనే. దాని కొనన బాంబును ఉంచి శత్రువు మీదికి విడిస్తే క్షిపణి అంటాము. ఉపగ్రహాన్ని ఉంచి పైకి పంపితే అంతరిక్ష వాహనం అంటాము. తేడా ముఖ్యంగా వేగంలో ఉంది. సెకనుకు సుమారు 7 కిలోమీటర్ల వేగం అందుకున్న క్షిపణి ఖండాలు దాటి నేలకు దిగుతుంది. తగిన ఎత్తున, తగిన దిశలో ఆ వేగం 8 కిలోమీటర్లకు చేరువైతే, వస్తువు కింద పడక భూమి చుట్టూ తిరుగుతూ ఉంటుంది.

18వ శతాబ్దంలోనే మైసూరు సైనికులు ఇనుపగొట్టాలలో మందు కూరి ఆంగ్లేయుల మీదికి రాకెట్లు విడిచారు. వాటిని చూసి ఆంగ్లేయులు తామూ తయారు చేసుకున్నారు. కాని ఆ మందుకు ఖండాలు దాటించే బలం లేదు. అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ గొడ్డార్డ్ దానికి బదులు పెట్రోలును, ద్రవరూపంలోని ఆక్సిజన్‌ను వాడాడు. 1926 మార్చి 16న ఆయన విడిచిన రాకెట్టు రెండున్నర సెకన్లు ఎగిరి, సుమారు 12 మీటర్ల ఎత్తుకు పోయి, క్యాబేజీ తోటలో పడింది. మన పెద్ద కొబ్బరిచెట్టంత ఎత్తు కూడా కాదు! గాలి లేనిచోట రాకెట్టు ఎలా కదులుతుందని అంతకు ఆరేళ్ల ముందే న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆయనను ఎగతాళి చేసింది. 1969లో మనుషులు చంద్రుని వైపు ప్రయాణిస్తూ ఉండగా అదే పత్రిక తన పొరపాటును ఒప్పుకొన్నది. అప్పటికి గొడ్డార్డ్ బతికి లేడు.

తరువాతి అడుగు జర్మనీలో పడింది. బాల్టిక్ సముద్రతీరాన పీనెమ్యూండెలో వెర్నెర్ ఫాన్ బ్రౌన్ బృందం సైన్యం కోసం వి-2 అనే రాకెట్టును రూపొందించింది. ఎత్తు 14 మీటర్లు. ఇంధనం ఆల్కహాలు. 1942 అక్టోబరు 3న అది 80 కిలోమీటర్లకు పైగా ఎత్తుకు లేచింది. 1944 సెప్టెంబరు 8న పారిస్, లండన్ నగరాల మీద పడింది. విమానం వస్తే చప్పుడు వినిపించేది, జనం దాక్కొనేవారు. వి-2 ధ్వనికంటే వేగంగా వచ్చేది గనుక, పేలిన తరువాతనే దాని రొద చెవిన పడేది.

దీనిని తయారు చేసినది ఎవరు? నార్డ్‌హౌజెన్ దగ్గర కొండను తొలిచిన సొరంగాలలో యుద్ధఖైదీలూ, నిర్బంధ శిబిరాల ఖైదీలూ తిండీ గాలీ చాలక పనిచేశారు. వేలమంది మరణించారు. వి-2 దాడులలో చనిపోయిన వారికంటే దాని తయారీలో చనిపోయిన వారే ఎక్కువని చరిత్రకారుల అంచనా. రాకెట్టు గొప్పలు చెప్పేవారు చాలామంది ఈ పుటను తిప్పేస్తారు. యుద్ధం ముగిశాక ఫాన్ బ్రౌన్‌ను అమెరికా తీసుకుపోయింది. మనుషులను చంద్రుని దగ్గరకు మోసిన శాటర్న్-5 ఆయన నాయకత్వంలోనే తయారయింది.

సోవియట్ యూనియన్‌లో ఈ పనికి నాయకుడు సెర్గీ కొరొల్యోవ్. 1938లో లేనిపోని నేరం మోపి ఆయనను ఖైదు చేశారు. కోలిమా గనులలో చలికీ ఆకలికీ పళ్లు ఊడిపోయాయి. విడుదలయ్యాక ఆయనకే దేశంలోని అతి పెద్ద క్షిపణి పని అప్పగించారు. ఆనాటి హైడ్రోజన్ బాంబు చాలా బరువైనది. దానిని అమెరికా దాకా మోయాలని ఆర్-7ను అంత పెద్దదిగా కట్టారు. నడుమ ఒక రాకెట్టు, చుట్టూ నాలుగు. పైకి పోయాక ఇంజను వెలుగుతుందన్న నమ్మకం అప్పట్లో లేదు. అందుకని అయిదింటినీ నేలమీదనే వెలిగించేవారు.

1957 ఆగస్టు 21న ఆర్-7 ఆరువేల కిలోమీటర్లు దాటి కమ్చాట్కా చేరింది. కాని గాలిపొరలలోకి దిగేటప్పుడు దాని కొన ముక్కలైపోయింది. బాంబును క్షేమంగా దించలేని క్షిపణి సైన్యానికి ఎందుకు? ఆ లోపం దిద్దడానికి నెలలు పడుతుంది. ఉపగ్రహానికైతే తిరిగి దిగే పని లేదు. అనుకున్న పెద్ద ఉపగ్రహం సిద్ధం కాకపోవడంతో కొరొల్యోవ్ చిన్న గోళాన్ని చేయించాడు. బరువు 83.6 కిలోలు, వ్యాసం 58 సెంటీమీటర్లు. అదే స్పుత్నిక్. అక్టోబరు 4న అది కక్ష్యలో చేరింది. దాని రేడియో కూతను ప్రపంచమంతా విన్నది. కొరొల్యోవ్ పేరు మాత్రం 1966లో ఆయన మరణించేదాకా లోకానికి తెలియనివ్వలేదు.

ఆయుధంగా ఆర్-7 అంతగా పనికిరాలేదు. ఇంధనం నింపడానికే గంటలు పట్టేది. 1968 నాటికి దానిని సైన్యం నుండి తప్పించారు. దాని సంతతి మాత్రం అంతరిక్షానికి మనుషులను మోస్తూనే ఉంది. 1961లో గగారిన్‌నూ, 1984 ఏప్రిల్ 3న హైదరాబాదులో చదువుకొన్న రాకేశ్ శర్మనూ మోసినవి ఆ కుటుంబపు రాకెట్లే.

మన దేశంలో ఈ కథ తిరగబడి నడిచింది. 1980 జూలై 18న శ్రీహరికోట నుండి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. దాని నాయకుడు అబ్దుల్ కలాం తరువాత క్షిపణుల పనికి మారాడు. 1989 మే 22న ఒడిశా తీరంలోని చాందీపూర్ నుండి మొదటిసారి ఎగిరిన అగ్ని క్షిపణికి అడుగు దశగా అమర్చినది ఆ ఎస్.ఎల్.వి.-3 మొదటి దశనే.