ఆవకాయకు తగిన సీసా

వేసవిలో తార్నాక వీధుల వెంట మామిడికాయలు కొట్టు చప్పుడు వినబడు దినములలో ఇల్లాలి దృష్టి యంతయు కాయ పులుపు మీదను, కారము రంగు మీదను నిలిచియుండును. సీసా సంగతి కలుపుట ముగిసిన తరువాత గుర్తుకు వచ్చును. ఏడాది నిలువవలసిన ఊరగాయ వానకాలమునకే బూజు పట్టినదన్నచో, తప్పు చాలసార్లు ఆ చివరి నిమిషపు సీసాదే.

పూర్వము పింగాణి జాడీకి వాసెన కట్టి చీకటి గదిలో ఉంచెడివారు. విశ్వవిద్యాలయ వసతిగృహములలోను, మల్కాజ్‌గిరి వైపు రెండు గదుల వాటాలలోను అంత జాడీకి చోటెక్కడిది? అందుచేత గాజు సీసా వచ్చినది. మంచిదే. ఉప్పు, పులుపు, నూనె గాజును తినివేయవు. కడిగినచో పాత వాసన నిలువదు.

సీసాను కొనునప్పుడు వెలుతురునకెత్తి చూడవలెను. అంచున పెచ్చు లేచినది ఎంత ముచ్చటగా నున్నను వలదు. మిగిలిన పెచ్చు ఎప్పుడో ఒకనాడు ముక్కతో పాటు విస్తరిలోనికి వచ్చును. మూతి చేయి పట్టునంత వెడల్పుగా ఉండవలెను, లేనిచో అడుగు కడుగుట సాధ్యము కాదు. రేకు మూతను ఉప్పు, పులుపు కలిసి త్వరలోనే తుప్పు పట్టించును. గాజు మూతయో, బిగువైన ప్లాస్టిక్ మూతయో మేలు.

ఇక శుద్ధి. ఒక వేసవిలో నేను తొందరపడి చల్లని సీసాలో మరుగునీరు పోసితిని. టప్పున శబ్దమైనది, అడుగు ఊడి చేతికి వచ్చినది. మామూలు గాజు వేడికి వ్యాకోచించును. లోపలి పొర సాగుచుండగా వెలుపలి పొర చల్లగానే ఉండుటచే మధ్య చీలిక పుట్టును. తార్నాకలోని రసాయన పరిశోధనశాలలో మంట మీద పెట్టు పాత్రలు బోరోసిలికేట్ గాజువి. అది మామూలు గాజులో సుమారు మూడవ వంతు మాత్రమే వ్యాకోచించును. మన సీసాలకు ఆ భాగ్యము లేదు గనుక, గిన్నె అడుగున గుడ్డ పరచి, చన్నీటిలోనే సీసాను ముంచి, నీటితోపాటు మెల్లగా వేడెక్కనిచ్చి, మరిగిన పిమ్మట 10 నిమిషములు ఉంచి, ఆ నీటిలోనే చల్లారనీయవలెను.

అయితే మరిగించుట కంటె ఆరబెట్టుట ముఖ్యమని నా అభిప్రాయము. మామిడి ఊరగాయలో పులుపు, ఉప్పు సూక్ష్మజీవులకు పెద్ద శత్రువులు. పి.హెచ్. 4.6 కు తక్కువైన చోట బొట్యులిజము కలిగించు విషక్రిమి పెరుగజాలదు. బూజు అటువంటిది కాదు. దానికి గాలియు, ఒక చుక్క నీరును చాలును. గోడకు మిగిలిన తడి పై పొరలోని ఉప్పును పలుచన చేయును. అక్కడనే బూజు తల యెత్తును. కంటికి పొడిగా కనబడినంత మాత్రమున నమ్మరాదు. మూత పెట్టి అరగంట ఎండలో ఉంచి నీడకు తెండు. లోపల మసక పట్టినచో తడి ఇంకను ఉన్నదన్నమాట. మూత తీసి మరల ఆరబెట్టవలసినదే. పొడిగుడ్డతో తుడిచి సరిపెట్టుకొనరాదు, గుడ్డలో తడి యుండును.

చల్లారిన సీసాలో ముక్కలను పొడి గరిటెతో అదిమి నింపి, పైన వేలెడు నూనె తేలునట్లు పోసి, కొంత చోటు వదలవలెను. గాజుకు ఒక లోపమున్నది. వెలుతురును ఆపలేదు, వెలుతురు కారపు రంగును చెరచును. కావున అలమారలోపలనే ఉంచవలెను. పెద్ద సీసా ఒకటి కాక చిన్నవి మూడు నింపుట మంచిది. రోజూ తెరచునది ఒకటే. తక్కిన రెండింటికి తడి గరిటె సోకదు. వసతిగృహములోని అబ్బాయికి పంపవలసినదియు అట్టి చిన్న సీసాయే, మూత క్రింద పలుచని గుడ్డ ముక్క వేసి బిగించి.