మెట్టు ఎక్కడ పెట్టాలి?

దేవరకొండలో మా వీధి చివర వడ్ల పని చేసే పెద్దాయన ఒకరున్నారు. నేను మామా అని పిలుస్తాను. పోయిన ఎండాకాలం ఆయన బల్ల మీద ఒక పక్క పాత ఇల్లు కూలగొట్టినప్పుడు వచ్చిన టేకు పలకలు, ఇంకో పక్క పార్సిల్‌లో తెప్పించుకున్న బేస్ గిటారు మెడ పెట్టాను. మామ ఆ మెడను ఎత్తి, ఇత్తడి రంగు కమ్మీలను బొటనవేలితో తడిమి చూశారు. “గీ మెట్లు ఒక్క తీరుగ లేవేంది బిడ్డా? పోను పోను దగ్గరికైతున్నయి.”

ఆ కమ్మీలను, అంటే ఫ్రెట్లను, మెట్లు అంటారని ఆయనకెవరూ చెప్పలేదు. ఈ ప్రాంతంలో ఆ మాట ఎప్పటినుంచో ఉంది. డిండి దాటి అచ్చంపేట వైపు పోతే పన్నెండు మెట్ల కిన్నెర నేల వస్తుంది. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య ఆ కిన్నెరతోనే 2022లో పద్మశ్రీ అందుకున్నారు. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, లోహపు తీగలు, తేనె మైనం: విడి భాగాలు తెచ్చి చేత్తో కూర్చుకునే వాద్యం అది. వెనకటికి అలుగు పెంకులను మెట్లుగా మైనంతో అతికించేవారు. 13వ శతాబ్దపు సంగీత రత్నాకరంలో శార్ఙ్గదేవుడు కిన్నరీ వీణను వర్ణించాడు. ఆ గ్రంథానికి సంగీత సుధాకరమనే వ్యాఖ్య రేచర్ల పద్మనాయక రాజు సింగభూపాలుడి పేరిట ఉంది. మన దేవరకొండ కోట కూడా ఆ పద్మనాయకులు ఏలినదే.

ఇక మామ అడిగిన సంగతి. తీగ పొడవు సగమైతే అది సెకనుకు రెట్టింపు సార్లు ఊగుతుంది, స్వరం ఒక స్థాయి పైకి పోతుంది. ఆ రెండు స్వరాల నడుమ దూరాన్ని పన్నెండు సమాన నిష్పత్తులుగా పంచాలి. సమానమైన దూరాలు కావు, సమానమైన నిష్పత్తులు. చక్రవడ్డీని తిరగేసినట్టు అనుకోండి. మెడ మొదట్లో తీగ ఆనే నట్ నుంచి, ఒంటి మీద తీగ రెండో కొస ఆనే బ్రిడ్జి దాకా నా బేస్‌లో 864 మిల్లీమీటర్లు. దాన్ని ఈ నిష్పత్తి నుంచి వచ్చే 17.817తో భాగిస్తే 48.5 వస్తుంది. మొదటి మెట్టు నట్ నుంచి అంత దూరంలో పడుతుంది. మిగిలిన పొడవును మళ్లీ 17.817తో భాగిస్తే రెండో మెట్టుకు 45.8. ఇట్లా అసలు తరుగుతున్న కొద్దీ వడ్డీ కూడా తరుగుతూ పోతుంది. పన్నెండో మెట్టు సరిగ్గా 432 దగ్గర, నట్టనడుమ పడుతుంది. ఇరవయ్యోదానికి వచ్చేసరికి రెండు మెట్ల నడుమ జాగా 16 మిల్లీమీటర్లే.

1951లో లియో ఫెండర్ అమెరికాలో తన ఎలక్ట్రిక్ బేస్‌ను అమ్మకానికి పెట్టినప్పుడు దాని పేరులో ‘ప్రెసిషన్’ అని చేర్చింది ఈ మెట్ల కోసమే. అంతకుముందు నిలబడి వాయించే పెద్ద బేస్‌కు మెట్లుండేవి కావు, స్వరం ఎక్కడుందో వేలు వెతుక్కోవాలి. ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి. పాడైన భాగాన్ని విప్పి మార్చుకునేలా మెడను ఒంటికి మరలతో బిగించాడు. ఈ రోజు నాలాంటివాళ్లు మెడ ఒకచోట, ఒళ్లు ఒకచోట సంపాదించి బేస్ తయారు చేసుకోగలుగుతున్నామంటే ఆ నాలుగు మరల పుణ్యమే.

ఒంటికి టేకు వాడడం నా నిర్ణయం. బరువెక్కువ, భుజం నొస్తుంది. కానీ ఏళ్ల తరబడి మా ఎండలకు ఎండిన చెక్క ఇక వంకర పోదని నా నమ్మకం. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముందు అంచులను థిన్నర్‌తో తుడవాలి, లేకపోతే జిగురు పట్టదు. మామ రెండు పలకలను అతికించి, 44 మిల్లీమీటర్ల మందానికి చిత్రిక పట్టి, నేను గీసిన గీత వెంట కోసిచ్చారు.

పికప్ గురించి చెప్పడానికి మా ఊళ్లో పెద్దగా కష్టపడక్కర్లేదు. బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపులు అందరికీ తెలుసు. అయస్కాంతం చుట్టూ ఎనామిల్ పూసిన రాగి తీగ వేల చుట్లు చుడితే అదే పికప్. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, చుట్టలో కొద్దిపాటి కరెంటు పుడుతుంది. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే ఇది. కాకపోతే ఇక్కడి తీగ వెంట్రుకంత సన్నం. ఇంట్లోని కరెంటు మోత కూడా ఇదే చుట్టలోకి దూరుతుంది. అందుకే నేను తీసుకున్న పికప్‌లో రెండు చుట్టలుంటాయి, ఒకటి కుడివైపుకు చుట్టినది, ఒకటి ఎడమవైపుకు. అయస్కాంతాలు కూడా ఒకదానికొకటి తలకిందులు. బయటి మోత రెండింట్లో ఎదురెదురుగా పుట్టి కొట్టుకుపోతుంది, తీగల నాదం మాత్రం కలుస్తుంది.

తీగలు బిగించాక అసలు పరీక్ష మొదలైంది. అన్నిటికన్నా లావు తీగ సెకనుకు 41.2 సార్లు ఊగాలి. అంత నెమ్మదిగా ఊగాలంటే బరువు కావాలి. అందుకే దాని మీద ఇంకో తీగ చుట్టి ఉంటుంది, మీటరుకు సుమారు 34 గ్రాములు తూగుతుంది. నాలుగు తీగలూ కలిసి మెడను 70 కిలోలకు పైగా బలంతో లాగుతాయి. ఆ లాగుడుకు ఎదురు నిలవడానికే మెడ లోపల ఉక్కు కడ్డీ ఉంటుంది.

పన్నెండో మెట్టు పైన తీగను నొక్కకుండా వేలితో తాకి మీటితే గంటలాంటి స్వరం వస్తుంది. అక్కడే నొక్కి మీటినా అదే స్వరం రావాలి. నాకు నొక్కిన స్వరం పైకి పోతోంది. కారణం లెక్కలోనే ఉంది. నొక్కినప్పుడు తీగ కాస్త సాగి బిగుస్తుంది. పైగా లావు తీగ బిరుసు వల్ల కొస దగ్గర చక్కగా వంగదు, అసలు పొడవుకన్నా పొట్టి తీగలా ఊగుతుంది. అందుకని బ్రిడ్జి మీద తీగ ఆనే సాడిల్‌ను 864 కన్నా వెనక్కి జరపాలి, లావు తీగకు ఇంకా ఎక్కువ. నేనేమో సాడిళ్లన్నీ పూర్తిగా వెనక్కి లాగి ఉంచి 864 కొలిచి, అక్కడే బ్రిడ్జి బిగించేశాను. ఇక వెనక్కి జరిపే జాగా లేదు.

ఆ రాత్రి నాకు కిన్నెర మైనం గుర్తొచ్చింది. మెట్టు తప్పితే మైనం వెచ్చబెట్టి జరిపితే చాలు, చెవి చెప్పిందే కొలత. నా బేస్‌లో మెట్లు కదలవు, కాబట్టి కదిలే గుణమంతా బ్రిడ్జికే ఇవ్వాలి. ఇంతకాలం కొలతను చెవికన్నా ముందు పెట్టాను.

పొద్దున్నే మామ దగ్గరికి పోయాను. బ్రిడ్జి విప్పి, ఐదు రంధ్రాల్లో టేకు బిరడాలు జిగురుతో దిగ్గొట్టారు. మర్నాడు ఆరు మిల్లీమీటర్లు వెనక్కి జరిపి కొత్తగా రంధ్రాలు వేశాం. సాడిల్ మరను కొంచెం కొంచెంగా తిప్పుతూ ఒక్కో తీగను తాకి, నొక్కి, తాకి, నొక్కి చూశాను. పని అయ్యేసరికి నాలుగు సాడిళ్లూ మెట్లలాగే వరుసగా ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. లావు తీగది అన్నిటికన్నా వెనక. మామ బాడిస పక్కనబెట్టి, టేకు ఒంటి మీద అరచెయ్యి ఆనించి, “మీటు” అన్నారు.