దూరం చాలా ఉంది... సిద్ధపడ్డామా?

సైకిలు మన సంఘాలకు కొత్త కాదు. ఒకప్పుడు ఎందరో సువార్తికులు బైబిలు సంచి తగిలించుకుని ఊరూరా తిరిగింది సైకిలు మీదే. నేడు మన యౌవనస్థులు మళ్లీ సైకిలెక్కుతున్నారు. అయితే పక్క ఊరికి కాదు, 200 కిలోమీటర్ల దూరానికి! 'బ్రెవే' అనే ఈ సైకిలు యాత్రలు హైదరాబాదుతో పాటు దేశంలోని అనేక నగరాల నుండి సాగుతున్నాయి. ఫ్రాన్సులోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నియమాల ప్రకారం వీటిని నిర్వహిస్తారు. మొదటిసారి బయలుదేరేవారు సిద్ధపడే తీరును గమనిస్తే, విశ్వాసయాత్రలో ఉన్న మనం నేర్చుకోవలసినది ఎంతో కనిపిస్తుంది.

200 కిలోమీటర్లకు గడువు 13 గంటల 30 నిమిషాలు. ఆగిన సమయంతో కలిపి గంటకు సుమారు 15 కిలోమీటర్లు సాగితే చాలు. కాబట్టి వేగం పెద్ద సమస్య కాదు. తెల్లవారి నుండి చీకటి పడే వరకు ఆగక సాగడమే కష్టం. ఆ ఓర్పు ఒక్క రాత్రిలో రాదు. కనీసం రెండు నెలల ముందే మొదలుపెట్టాలి. వారంలో రెండు మూడు రోజులు గంటసేపు తొక్కాలి. వారానికి ఒకరోజు దూరం పెంచుకోవాలి. 40, 60, 80 కిలోమీటర్లు... అలా 120 దాకా వెళ్లి, చివరి వారం శరీరానికి విశ్రాంతినివ్వాలి. మన సంగతేమిటి? ఉజ్జీవ సభల్లో కన్నీళ్లతో తీర్మానాలు చేసుకుంటాం. సోమవారం నుండి బైబిలు బల్ల మీదే ఉండిపోతుంది. పందెములో పోరాడేవాడు అన్ని విషయాలలో మితముగా ఉంటాడని పౌలు భక్తుడు కొరింథీయులకు గుర్తుచేశాడు (1 కొరింథీ 9:25). ఆ మితం పందెం రోజున కాదు, అంతకు ముందటి రోజులలో కనబడాలి.

దారిలో తినడం, తాగడం కూడా నేర్చుకోవలసినదే. దాహం వేయకముందే పావుగంటకోసారి రెండు గుక్కల నీళ్లు తాగాలి. ఆకలి కాకముందే అరటిపండో, పల్లీపట్టీయో తినాలి. నీరసం వచ్చాక తింటే తేరుకోవడం కష్టం. బదరీ వృక్షం కింద ఇక చాలునని పడుకున్న ఏలీయాను దేవదూత గద్దించలేదు. రెండుసార్లు తట్టి లేపి భోజనం పెట్టాడు. ప్రయాణం అతని శక్తికి మించినదని దేవునికి తెలుసు (1 రాజులు 19:4-8). శోధన వచ్చాక వాక్యం వెతుక్కోవడం కాదు, రాకముందే దానితో మన హృదయాలను నింపుకోవాలి.

ఈ యాత్రలో మన వెంట వేరే వాహనం రాకూడదు. నిర్ణీత తనిఖీ కేంద్రాలలో తప్ప బయటివారి సాయం పొందరాదు. అందుకే అదనపు ట్యూబులు, పంక్చర్ సామాను, గాలి పంపు ఎవరివి వారే మోసుకెళ్లాలి. పంక్చర్ వేసుకోవడం ఇంటి దగ్గరే నేర్చుకోవాలి. ఇక రాత్రివేళ ముందూ వెనుకా దీపాలు లేనివారు ముందుకు సాగడానికి వీల్లేదు. పదిమంది కన్యకల ఉపమానం జ్ఞాపకం రావడం లేదా (మత్తయి 25:1-13)? తోటి ప్రయాణికుడు ట్యూబు ఇవ్వగలడేమో గాని, రెండు నెలల సాధనను ఇవ్వలేడు. అలాగే తల్లి ప్రార్థన బిడ్డను కాపాడుతుంది, కానీ బిడ్డ విశ్వాసం బిడ్డదే కావాలి.

ఈ యాత్రలు ఎక్కువగా శని, ఆదివారాల్లో జరుగుతాయి. కనుక డబ్బు కట్టకముందే తేదీ చూసుకోవాలి. దేహసాధకం కొంతవరకే ప్రయోజనకరమని, దైవభక్తి అన్నిటికీ ప్రయోజనకరమని (1 తిమోతి 4:8) మరువకూడదు.

ఇది పోటీ కాదు. మొదట వచ్చినవారికి బహుమానం ఉండదు, ర్యాంకులు ప్రకటించరు. ప్రతి కేంద్రంలో కార్డు మీద ముద్ర వేయించుకుని గడువులోగా చేరినవారందరూ సమానమే. ద్రాక్షతోటలో చివరి గంటకు వచ్చినవాడు కూడా అదే దేనారము అందుకున్నాడు గదా (మత్తయి 20:1-16)! మరి సంఘంలో ఎవరు ముందు, ఎవరు వెనుక అని మనం లెక్కలు వేసుకోవడమెందుకు?

ఎంత సిద్ధపడినా సగం దారిలో ఆగిపోయేవారూ ఉంటారు. వారికి తలుపు మూసెయ్యరు. మరో తేదీన మళ్లీ బయలుదేరవచ్చు. పెర్గేలో పౌలును విడిచి వెనుదిరిగిన యోహాను అను మార్కు (అపొ.కా. 13:13) సంగతి చూడండి. అతన్ని మళ్లీ వెంట తీసుకువెళ్లడానికి పౌలు ఒప్పుకోలేదు. బర్నబా మాత్రం అతన్ని వెంటబెట్టుకుని వెళ్లాడు (అపొ.కా. 15:37-39). చివరికి చెరలో ఉన్న పౌలే అతడు తనకు ప్రయోజనకరమైనవాడని చెప్పి తీసుకురమ్మని వ్రాశాడు (2 తిమోతి 4:11). మన సంఘంలో ఆరాధనకు రావడం మానుకున్న సహోదరుడు ఎవరు? ఈ వారం ఆయన ఇంటి తలుపు తట్టే బర్నబా మనలో ఎవరు?

మన దూరం ఇంకా ఉంది. ఓపికతో సిద్ధపడుదాం, ఆగినవారిని లేపుకుని కలిసి సాగుదాం. ప్రభువు మనకట్టి కృప దయచేయును గాక! ఆమేన్.